జువాలజీ సారు పాలోళ్లు

"ఇగనన్న ఆయన మీద కుళ్లుకునుడు బంద్ చెయ్యి. మనిషే లేడు."

జువాలజీ సారు పోయిన కబురు విని నేను కుర్చీలో అలాగే కూర్చుండిపోతే మా ఆవిడ అన్న మొదటి మాట ఇది. ఆమె కఠినురాలేం కాదు. ఆ మాట అన్నాక లోపలికి వెళ్లి కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. కానీ ఇన్నేళ్లుగా పూటపూటా నా గొణుగుడు వింటూ వచ్చిన మనిషి కదా, చావు కబురు చెవిన పడగానే ముందుగా గుర్తొచ్చింది నా కుళ్లే.

బంద్ చెయ్యడం నా చేతిలో ఉంటే ఎప్పుడో చేసేవాణ్ణి. బాన్సువాడ కాలేజీలో ఆయన జువాలజీ చెప్పేవాడు, నేను చరిత్ర. ఒకే స్టాఫ్ రూము, ఎదురెదురు బల్లలు. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. కోటగిరి అవతల కాలువ పక్కన కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల క్యాంపు ఒకటుంది, ఆయన పుట్టింది అక్కడ. నేను మంజీర ఒడ్డువాణ్ణి, ఎన్ని తరాలుగానో మా ఇంట్లో ఎవరికీ తెలియనంతగా ఇక్కడివాణ్ణి. ఆయన దగ్గర అన్నీ ఉన్నా ఈ ఒక్కటైనా నాకు మిగులుతుందనుకున్నాను. అది కూడా మిగల్చలేదు.

ఆయనను తలుచుకుంటే నాకు ముందు మణికట్టు గుర్తొస్తుంది. ఆయనది కాదు, నాది. మాట్లాడేటప్పుడు ఎదుటివాడి మణికట్టు పట్టుకోవడం ఆయన అలవాటు. బొటనవేలు సరిగ్గా నరం మీద పెట్టి, చెప్పేది పూర్తయ్యేదాకా వదిలేవాడు కాదు. ప్రిన్సిపాల్ అయినా అంతే, గంట కొట్టే అటెండర్ అయినా అంతే. పెళ్లికి వెళితే అక్షింతలు వేసి, పెళ్లికొడుకు చెవి తమ్మెలు చూసి వచ్చేవాడు. "వీడివి అతుక్కుని ఉన్నాయి మాస్టారూ, వాళ్ల నాన్నవి వేలాడుతున్నాయి. తల్లివి చూడాలి," అనేవాడు భోజనాల బంతిలో, పది మందికీ వినబడేట్టు. ఆ మాట నేనంటే తన్ని పంపేవాళ్లు. ఆయన అంటే పెళ్లికొడుకు తల్లి నవ్వుతూ వచ్చి, కమ్మలు పక్కకు జరిపి మరీ చూపించి వెళ్లింది.

అక్కడే మండేది నాకు. మనుషులు ఆయనకు అన్నీ ఊరికే ఇచ్చేసేవాళ్లు. ఒకసారి మా ఇంటికి వచ్చి మా ఆవిడను అక్కా అని పిలిచి, మక్క గారెలు అడిగి వేయించుకుని తిన్నాడు. పెళ్లయిన కొత్తలో కూడా ఆమె నాకు అంత వేడివేడిగా వేసిపెట్టలేదు. ఆయన వెళ్లాక, "గాయనకున్న నోరు నీకెందుకు లేదు?" అంది. నోరు సంగతి నిజమే. నేను హైదరాబాద్‌లో చదువుకుని వచ్చేసరికి నా నాలుక పుస్తకాల పాలైంది. ఆయన నాతో మాస్టారూ అంటూ వాళ్ల తీరున మాట్లాడి, అటు తిరిగి చేపలవాళ్లతో మా మాట మాట్లాడేవాడు. అదీ నాకంటే బాగా.

బస్టాండు ఎదురుగా ఒక చాయ్ హోటల్ ఉండేది. దాని యజమానిని ఊరంతా మామూ అనేవాళ్లం. కాలేజీ అయ్యాక మేమిద్దరం, మా వెనక నాలుగైదుగురు విద్యార్థులు, అక్కడ చేరేవాళ్లం. విద్యార్థులు ఎవరి కోసం వచ్చేవాళ్లో చెప్పనక్కర్లేదు. ఆయన సాసర్‌లో చాయ్ పోసుకుంటూ కావాలనే కొంత బల్ల మీద ఒలకబోసేవాడు. అందులో వేలు ముంచి గీత మొదలుపెట్టేవాడు. ఇది ఆఫ్రికా. ఇది అరబ్బుల ఒడ్డు. ఇది మన పడమటి తీరం, ఇది కింది కొస, ఇక్కణ్ణుంచి పైకి తూర్పు తీరం.

"వేలవేల ఏళ్ల కిందటి మాట. వేటగాళ్లు. కొంపా గోడూ ఏమీ లేదు. సముద్రం ఒడ్డు పట్టుకుని నడుచుకుంటూ వచ్చేశారు. ఆల్చిప్పలు, పీతలు, చేపలు. ఒడ్డు వదలకపోతే ఆకలి లేదు. ఒక తరం ఇంత దూరం, దాని పిల్లలు ఇంకొంత దూరం." వేలు బల్ల మీద కొంచెం కొంచెంగా జరిగేది.

"మరి వాళ్ల ఆనవాళ్లు ఏవి సార్?" అని ఎవడో ఒకడు అడిగేవాడు.

"మునిగిపోయాయి. అప్పట్లో సముద్రం చాలా కిందికి ఉండేది. వాళ్లు నడిచిన ఒడ్డు ఇప్పుడు నీళ్ల అడుగున ఉంది. పొయ్యిలు, ఎముకలు, అన్నీ అక్కడే. మనకు మిగిలింది ఇదే." ఇక్కడ ఎవరిదో ఒకరి మణికట్టు దొరకబుచ్చుకునేవాడు. "తండ్రి నుంచి కొడుక్కి, వాడి నుంచి వాడి కొడుక్కి ఒక గుర్తు దిగుతుంది. కూతురికి దిగదు. ఎప్పుడో ఒకసారి అందులో చిన్న మార్పు వస్తుంది. వచ్చిందా, ఇక ఆ వంశంలో మగవాళ్లందరికీ అదే మార్పు. వాటిని పట్టుకుని వెనక్కి వెనక్కి పోతే ఒడ్డున నడిచినవాడు దొరుకుతాడు."

మామూ బల్ల తుడిచే గుడ్డ భుజాన వేసుకుని నిలబడి వినేవాడు. ఆయన లేచి వెళ్లేదాకా ఆఫ్రికాను తుడిచేవాడు కాదు. నా చాయ్ ఒలికితే మాత్రం వెంటనే గుడ్డ పడేది.

నాకూ ఒక పిచ్చి ఉంది. మంజీర ఇసుకలో, గులకరాళ్లలో తిరిగి, పాతకాలం వాళ్లు చెక్కిన రాళ్లు ఏరుకొచ్చి ఒక ఇనప్పెట్టె నింపాను. చాలా రోజులు ఊగిసలాడి ఒకనాడు ఆయనకు చూపించాను. ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, అంచు గోటితో తడిమి, నిజంగానే మురిసిపోయాడు. "బంగారం లాంటి రాళ్లు మాస్టారూ. చెక్కినవాడి మనవడు ఎక్కడున్నాడో ఇవి చెప్పలేవు, అదొక్కటే లోటు," అన్నాడు. అదొక్కటే లోటట. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

స్టాఫ్ రూములో స్థానికులు, బయటివాళ్లు అనే వాదన రేగినప్పుడు ఒకసారి కడుపులో ఉన్నదంతా కక్కేశాను. "మీరు వచ్చినోళ్లు సార్. మేం ఇక్కడోళ్లం," అన్నాను. గదిలో అందరూ తలలు వంచుకుని కాగితాలు చూసుకున్నారు. ఆయన లేచి వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఇక్కడివాడంటూ ఎవడూ లేడు మాస్టారూ. మీరు కాస్త ముందు బస్సెక్కారు, అంతే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాల్సి వచ్చింది.

హైదరాబాద్‌లో ఇలాంటి గుర్తుల మీద పనిచేసే ఒక ప్రయోగశాల వాళ్ల వెంట ఆయన కొన్నేళ్లు పడ్డాడు. తొంభైల చివర్లో అక్కడి నుంచి ఒక మేడమ్, నెత్తురు తీసే మనిషి ఒకరు వచ్చారు. మంజీర వెంబడి వలలు వేసే కుటుంబాల వాడకు వెళ్లాం. చేపల లారీల వాళ్లనడిగి తెచ్చిన ఐసుతో ఒక డబ్బా నింపి నా చేతుల్లో పెట్టారు. నేనెందుకు వెళ్లానంటే ఆ వాడ నాది. అంటే చాలా ఏళ్లుగా నేను తిరుగుతున్న వాడ. అక్కడ నా ఈడువాడే ఒకడున్నాడు, ఇంటికి పెద్ద కొడుకు కాబట్టి అందరికీ పెద్దన్న. వాళ్ల పూర్వీకులు ఇక్కడికి ఎలా వచ్చారో చెప్పే కథ అతని దగ్గర ఉందని విని, రాసుకుందామని ఎన్నిసార్లు వెళ్లానో. వెళ్లిన ప్రతిసారీ, "రేపు రా సారు, ఇయాల వల చిక్కువడ్డది," అనేవాడు. ఆ వల ఎన్నేళ్లయినా చిక్కు విడలేదు.

మేడమ్ చేపల సంఘం షెడ్డు కింద బల్ల వేసుకుని కూర్చుని నియమాలు చెప్పింది. ఒకరికొకరు రక్తసంబంధం లేని మగవాళ్లే కావాలి. పేర్లు రాయరు, సీసా మీద నంబరే ఉంటుంది. ఏది ఎవరిదో తర్వాత తమకు కూడా తెలియదు. జువాలజీ సారు ఆ మాటలన్నీ మా భాషలో అందరికీ విడమర్చి చెప్పాడు. మొదట ఇద్దరు ముందుకు వచ్చారు.

"మీరిద్దరూ బంధువులా?" అంది మేడమ్.

"మా బావ," అన్నాడొకడు.

వాళ్లను పక్కకు పంపింది. తర్వాత వచ్చినవాడు తన వెనకవాణ్ణి చూపించి మా చిన్నాయన అన్నాడు. ఇంకొకడు మా మామ అన్నాడు. చివరికి ఆమె మమ్మల్ని తీసుకొచ్చిన షేర్ ఆటో డ్రైవర్‌ను చూపించి, ఈయన ఎవరని పెద్దన్నను అడిగింది. ఆ డ్రైవర్ కోటగిరి ముస్లిం.

"గీయన మా అల్లుడు," అన్నాడు పెద్దన్న.

మేడమ్ కలానికి మూత పెట్టింది. "ఇదంతా ఒకే కుటుంబం. మాకు పనికిరాదు," అంది.

వరస పెట్టి పిలవకుండా మాట్లాడటం మా ఊళ్లలో ఎవరికీ చేతకాదు. కులం వేరైనా, మతం వేరైనా, ఎవరో ఒకరు ఎవరికో ఒకరు బావే. నేను ఆ పిలుపుల మధ్యే పుట్టాను. మేడమ్‌కు వివరించాలని నోరు తెరిచాను కూడా. సామాజిక సంబంధాలు, సంప్రదాయం అంటూ క్లాసులో చెప్పినట్టు ఏదో మొదలుపెట్టాను. ఆమె గడియారం చూసుకుంది.

జువాలజీ సారు మధ్యలో దూరి పెద్దన్న మణికట్టు పట్టుకున్నాడు. మొదట వచ్చినవాణ్ణి చూపించాడు.

"అన్నా, ఒక్క ముచ్చట చెప్పు. గీయనింట్ల మనిషి వోతే పదో దినం నువ్వు గుండు గీకిచ్చుకుంటవా?"

"నేనెందుకు గీకిచ్చుకుంట? ఆయన పాలోళ్లు గీకిచ్చుకుంటరు."

"మరి గాయనింట్ల వోతే?" అని వెనకున్న ఇంకొకణ్ణి చూపించాడు.

"గాయన నా పాలోడు. గీకిచ్చుకోవాలె."

"మొదటాయనా ఈ పెద్దన్నా ఇద్దరూ పనికొస్తారు మేడమ్," అన్నాడు సారు. "రెండో ఆయనను వదిలేయండి."

పాలోళ్లంటే తండ్రివైపు ఒకే వంశం వాళ్లు. వాళ్లలో ఎవరైనా పోతే మిగతావాళ్లకు మైల పడుతుంది. గడ్డం తీయకుండా ఉండి పదో రోజు గుండు చేయించుకుంటారు. బావలకు, మామలకు ఆ పట్టింపు లేదు. తండ్రి నుంచి కొడుక్కి దిగే గుర్తును వెతికేవాళ్లకు ఇంతకంటే మంచి ప్రశ్న ఇంకేం కావాలి? మధ్యాహ్నానికి షెడ్డు కింద మనుషులు బారులు తీరారు. ఆ ప్రశ్న నాది కావలసింది. చరిత్ర చదివింది నేను, పాలోళ్ల చావులకు గుండ్లు చేయించుకుంటూ పెరిగింది నేను.

అంతటితో అయినా బాగుండేది. పెద్దన్న చెయ్యి చాపాడు. సూది చూసి మనిషి బిగుసుకుపోయాడు. "నా దిక్కు చూడు అన్నా. మీవోళ్లు గీడికి ఎట్లొచ్చిండ్రో చెప్పు జర," అని సారు మాటల్లో పెట్టాడు. పెద్దన్న చెప్పడం మొదలుపెట్టాడు.

"మా తాతలకు ఒక్కటే చెప్పిండ్రట సారు. నీళ్లు విడువకుండ నడువుండ్రి అని. కుడిచెయ్యి దిక్కు ఎప్పుడు నీళ్లు కనవడాలె. కనవడకుంటే బువ్వ లేదు. గట్లనే నడుసుకుంట నడుసుకుంట వచ్చిండ్రట. యాడికెల్లి వచ్చిండ్రంటే ఎవలకు యాది లేదు. నీళ్లొక్కటే యాది."

సీసా నిండింది. జువాలజీ సారు కళ్లలో నీళ్లు తిరిగాయి. నా రెండు చేతుల్లో ఐసు డబ్బా ఉంది, జేబులో కలం ఉన్నా తీయలేను. నాకు కథ చెప్పకుండా ఏళ్లకేళ్లు తిప్పించుకున్న మనిషి ఆయనకు ఒకే పూటలో కథా ఇచ్చాడు, నెత్తురూ ఇచ్చాడు. ఆ డబ్బా అక్కడే నేలకేసి కొడదామా అనిపించింది. కొట్టలేదు. తర్వాత నేనూ చెయ్యి చాపాను. సాయంత్రం బాన్సువాడకు తిరిగొచ్చాక మామూ చాపాడు, కాలేజీ అటెండర్ చాపాడు. అందరికంటే చివర జువాలజీ సారు.

ఫలితం రావడానికి ఏళ్లు పట్టింది. ఈలోగా కొత్త శతాబ్దం వచ్చింది, బస్టాండు దగ్గర ఎస్టీడీ బూత్‌లు పోయి సెల్‌ఫోన్ల దుకాణాలు వచ్చాయి. ఒకరోజు ఆయన ఇంగ్లిష్ పత్రికలో వచ్చిన వ్యాసం ప్రతి పట్టుకుని స్టాఫ్ రూములోకి వచ్చాడు. ఒడ్డున నడిచిన ఆ వేటగాళ్లదని అనుకుంటున్న పాత గుర్తు, మంజీర వైపు తీసిన నమూనాల్లో కూడా కొన్నింటిలో కనిపించిందని అందులో ఒక వాక్యం ఉంది. నంబర్లే తప్ప పేర్లు లేవు. చివర కృతజ్ఞతల్లో ఆయన పేరు ఉంది. నా పేరు కోసం మళ్లీ మళ్లీ వెతికాను. లేదు. అభినందనలు చెప్పాను, గొంతు మామూలుగానే వచ్చింది. ఆయన నా మొహం చూస్తూ నిలబడ్డాడు. మణికట్టు మాత్రం పట్టుకోలేదు.

ఆ సాయంత్రం ఆయన స్కూటర్ మా ఇంటి ముందు ఆగింది. లోపలికి రమ్మంటే రాలేదు, నన్నే గేటు దగ్గరికి పిలిచాడు.

"మాస్టారూ, మీకొక్కరికే చెబుతున్నా. ఆ గుర్తు ఉన్నవాటిలో ఒకటి నాది. ఇంకొకటి మీది."

గేటు గడియ తీసి, మళ్లీ వేశాను.

"ఎంత వెనక అయితేనేం, మీరూ నేనూ ఒకే తండ్రి పిల్లలం. ఎక్కడా అనకండి. తెలిసిందంటే ఆ హైదరాబాద్ వాళ్లు మళ్లీ సూదులు పట్టుకుని దిగుతారు. ఈసారి సీసాలు కాదు, బిందెలు తెస్తారు."

ఏ సీసా ఎవరిదో ఎవరికీ తెలియదని మేడమ్ చెప్పిన మాట నాకు గుర్తు లేక కాదు. అడగలేదు. ఎందుకడుగుతాను? మామూకు లేనిది, పెద్దన్నకు లేనిది, మొత్తం కాలేజీలో ఎవరికీ లేనిది నాకు దొరికింది. ఆ తర్వాత కూడా కుళ్లుకున్నాను, కాకపోతే అన్నదమ్ముల కుళ్లు. హోటల్లో ఆయన చుట్టూ మూగి నవ్వుతున్నవాళ్లను చూసి, మీరు ఎంత నవ్వితేనేం, పాలోణ్ణి నేను కదా అనుకుని చాయ్ తాగేవాణ్ణి. మా ఆవిడకు కూడా చెప్పలేదు.

జువాలజీ సారు క్యాంపులో తన తమ్ముడి పొలం చూడటానికి వెళ్లి గట్టు మీద కూర్చున్నాడట. లేవలేదు. గుండె అన్నారు. ఆయనకు ఇద్దరూ ఆడపిల్లలే, తమ్ముడే కొరివి పెట్టాడు. ఆ రోజు జనంలో వెనకెక్కడో నిలబడి ఇంటికి వచ్చాను. మర్నాటి నుంచి గడ్డం తీయలేదు.

"ఏంది గీ గడ్డం? కాలేజీకి గిట్లనే పోతున్నవా?" అంది మా ఆవిడ.

"బ్లేడ్లు అయిపోయినయి."

ఆమె బ్లేడ్లు తెప్పించి అద్దం దగ్గర పెట్టింది. చర్మం మంటగా ఉందన్నాను. ఆమె నమ్మలేదు, మళ్లీ అడగనూ లేదు.

పదో రోజు పొద్దున్నే క్యాంపుకు వెళ్లాను. కాలువలో నీళ్లు నిండుగా పోతున్నాయి. గట్టు వెంట నడుస్తుంటే గుండె బరువుగా ఉంది, కొంచెం గర్వంగా కూడా ఉంది. దాచడం దేనికి? అంతమంది వచ్చిన చోట, ఆయన నాకేమవుతాడో చెప్పేది నా గడ్డమొక్కటే అనుకున్నాను.

ముందుగా కనిపించింది పెద్దన్న. మొహం నిండా గడ్డం.

"ఏంది పెద్దన్నా, ఒంట్ల బాగలేదా?" అన్నాను.

"బాగనే ఉన్న సారు." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "సారే పోయిండు, ఇగ చెప్తే ఏం ఫికర్. నాదీ ఆయనదీ ఒక్కటే నెత్తురట. నాకొక్కనికే చెప్పిండు. ఎవలకన్న చెప్తే మల్ల సూదులు వట్టుకొని వస్తరన్నడు. బిందెలు తెస్తరట."

బిందెలు. ఆ మాట వినగానే గట్టు మీద కూర్చున్నాను. అక్కడి నుంచి చూస్తే కొంచెం అవతల కాలేజీ అటెండర్, అతని గడ్డం కూడా మాసి ఉంది. పక్కన టోపీ పెట్టుకుని మామూ నిలబడి ఉన్నాడు. మామూకు గడ్డం ఎప్పుడూ ఉండేదే. చూసి ఊరుకుంటే సరిపోయేది, ఊరుకోలేకపోయాను.

"మామూ, నీకు గూడ చెప్పిండా?"

"మూడు దినాలు పొయ్యి అంటియ్యలె సాబ్," అన్నాడు మామూ. "మా ఇంట్ల మనిషి వోతే గంతే జేస్తం. బల్ల తుడుస్తుంటే చెయ్యి వట్టుకొని చెప్పిండు. ఎవలకు అనొద్దన్నడు."

హోటల్ మూసి ఉండటం నేను చూశాను, ఏదో మరమ్మతు అనుకున్నాను. నాకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్లంతా మంట పుట్టింది. నాకొక్కడికే అన్నారు కదా సార్ అని ఆ మనిషి చొక్కా పట్టుకుని అడగాలనిపించింది. పట్టుకోవడానికి మనిషి లేడు. అప్పుడు వచ్చింది ఏడుపు. కాలువ వైపు తిరిగి ముఖం కడుక్కున్నాను.

తమ్ముడికి గుండు అయింది. క్షౌరం చేసే అతను కత్తి కడిగి, గట్టు మీద ఉన్నవాళ్ల వైపు చూశాడు.

"ఇగ పాలోళ్లుంటే రాండ్రి," అన్నాడు.

"ఇక్కడ మాకు పాలోళ్లెవరున్నారండీ," అన్నాడు తమ్ముడు, తువ్వాలుతో తల అద్దుకుంటూ. "అంతా కోస్తాలోనే ఉండిపోయారు. ఎవరికీ రావడానికి కుదరలేదు."

పెద్దన్న చొక్కా విప్పి భుజాన వేసుకుంటూ లేచాడు. అటెండర్ గుండీలు విప్పుకుంటున్నాడు. మామూ పక్కకు జరిగి వాళ్లకు దారి ఇచ్చాడు.

వాళ్లిద్దరినీ తోసుకుంటూ వెళ్లి నేను పీట మీద కూర్చున్నాను. బాన్సువాడ చుట్టుపక్కల నన్ను ఎరగనివాడు లేడు, కత్తి పట్టుకున్న అతనూ ఎరుగును. చెయ్యి ఆపి నా ముఖంలోకి చూశాడు.

"సారు, మీరు ఆయనకేమైతరు?"

"పాలోన్ని," అన్నాను, వెనక ఉన్నవాళ్లకు కూడా వినబడేట్టు. "ముందుగాల నాకు గీకు."